ఇన్సూరెన్సు లేని బండి గుద్దితే?

ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య జాతీయ రహదారి మీద పోయేవాళ్లకు కొల్లేటి చేపల లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు తగలని రోజుండదు. వాటిలో ఒకటి మనలో ఒకరిని గుద్దిందనుకోండి. తీరా చూస్తే ఆ బండికి ఇన్సూరెన్సు లేదు. అప్పుడు ఆ కుటుంబం గతేమిటి?

1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం మూడో వ్యక్తికి, అనగా దారినపోయే మనబోటి వారికి, జరిగే నష్టానికి బీమా లేకుండా బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలుగాని, 2,000 రూపాయల జరిమానాగాని, రెండూగాని పడవచ్చు. అయితే ఈ శిక్షవల్ల దెబ్బతిన్నవాడికి ఒరిగేదేమీ లేదు గదా! నష్టపరిహారం డ్రైవరు, యజమాని సొంతంగా ఇచ్చుకోవాలి. వాళ్ల దగ్గర లేకపోతే ట్రిబ్యునలు తీర్పు కాగితంగానే మిగులుతుంది.

అందుకే 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఒక ఆదేశమిచ్చింది. బీమా లేని బండిని యజమాని తగిన పూచీ చూపేదాకా వదలరాదనీ, మూడు నెలల్లో చూపకపోతే వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునలులో జమకట్టాలనీ నిబంధనలు చేసుకోమన్నది. కనుక బాధితుని తరఫువారు మొదట చూసుకోవలసింది బండి స్టేషను దాటి పోకుండా!

గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి జరిగిన ప్రమాదాలలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేల రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి.

బీమా ఉండీ అక్కరకు రాని సందర్భాలున్నాయి. చేపల లారీలో సరుకు సొంతదారుగాని, అతని తరఫు మనిషిగాని వెళితే పాలసీ వర్తిస్తుంది. దారిలో చెయ్యెత్తి ఎక్కిన ప్రయాణికుడికి వర్తించదని ఆశారాణి కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. చెరువు పని ముగించుకుని ఖాళీ లారీ ఎక్కి ఇంటికి పోయే కూలీలకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

మన సంగతీ అంతే. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న స్కూటరు వెనుక స్నేహితుణ్ణి ఎక్కించుకుంటే, అతనికి కంపెనీ బాధ్యత లేదని 2006లో తీర్పు వచ్చింది. అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు, బీమా లేనివాడు గుద్దినా తమ పాలసీయే ఆదుకునే ఏర్పాటు తెలిసే ఉంటుంది. ఇక్కడ దానికి కాస్త దగ్గరగా వచ్చేది, బండి నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. వెనుక కూర్చునేవారికి విడిగా అడిగి తీసుకోవాలి.

కాబట్టి మిత్రులారా, ఈ సంచిక మూసి పెట్టగానే ఇంట్లో బండి కాగితాలు తీసి చూడండి. గడువు దాటితే రేపే కట్టండి. రేపు మన బండే ఎవరి బిడ్డనో గుద్దవచ్చు!