ఒక నగరం, ఒక రోజు, ఆరు ద్వారాలు





స్పర్శ, వేదన, తృష్ణ. ఈ మూడు మాటలు మన పాఠాల్లో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనసు అనే ఆరూ ద్వారాలు. వాటికి ఏదైనా తగలడం స్పర్శ. తగలగానే బాగుందనో, బాగాలేదనో, రెండూ కాదనో అనిపించడం వేదన. బాగున్నదాని వెంట పరుగెత్తడం, బాగాలేనిది పోవాలని తహతహలాడడం తృష్ణ. "చదివితే అర్థమవుతోంది గానీ బతుకులో ఇది ఎక్కడ కనబడుతుంది?" అని కొందరు అడుగుతుంటారు. నాకు ఇది స్పష్టంగా కనబడిన ఒక రోజు గురించి చెబుతాను.

ఒక సమావేశానికి థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు బ్యాంకాక్‌లో ఒక రోజు మిగిలింది. తోడు ఎవరూ లేరు. వీపున ఒక సంచి, చేతిలో ఫోను, జేబులో కొంచెం డబ్బు. ఊరు చూద్దామని తెల్లవారగానే బయల్దేరాను.

1. ఉదయం: భిక్షాపాత్ర

సందు మొదట్లోనే పిండపాతం కనబడింది. భిక్షువులు చెప్పుల్లేకుండా, మాటా పలుకూ లేకుండా నడిచి వస్తున్నారు. ఆడవాళ్లు అన్నమూ, రబ్బరు బ్యాండు వేసిన కవర్లలో కూరలూ పట్టుకుని నిలబడ్డారు. భిక్షువు చేతిలోని పాత్రను వాళ్లు ‘బాత్’ అంటారు, పుణ్యాన్ని ‘బున్’ అంటారు. మన పాత్ర, పాళీ పుఞ్ఞమే అక్కడ అలా పలుకుతున్నాయి. ఎంత సంతోషం వేసిందో! వెంటనే ఫోను తీసి ముందుకు దూరాను. నాలుగు ఫొటోలు తీశాక చూసుకుంటే, ఒక దాంట్లో ఒక ముసలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉంది. నేను అడ్డంగా నిలబడితే, తప్పుకునేదాకా ఆమె ఆగింది. ఒక్క మాట కూడా అనలేదు.

చూడండి, కంటికి కనబడింది మంచి దృశ్యమే. కలిగింది సుఖ వేదనే. దాన్ని నాది చేసుకోవాలన్న తొందరే తృష్ణ. దానం చేసే చేతిని ఆపింది అదే.

2. పొద్దెక్కాక: ఇరవై బాత్‌ల ఆశ

రాజభవనం వైపు నడుస్తుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి పలకరించాడు. "ఇవాళ లోపల పూజ ఉంది, మధ్యాహ్నం దాకా తెరవరు. ఈలోగా వేరే గుళ్లు చూసి రండి, ఇరవై బాత్‌లే" అని ఒక టుక్‌టుక్ ఎక్కించాడు. ఒక చిన్న గుడి చూపించాక బండి తిన్నగా రత్నాల దుకాణం ముందు ఆగింది. అక్కడి నుంచి ఇంకో దుకాణం. రెండు గంటలు పోయాయి. రాజభవనం పొద్దుటి నుంచీ తెరిచే ఉందని తర్వాత తెలిసింది.

కోపంతో ఒళ్లు మండింది. డ్రైవరును నిలదీస్తే, మనిషిని తీసుకొస్తే దుకాణం వాళ్లు పెట్రోలు కూపన్ ఇస్తారని తలదించుకుని చెప్పాడు. అబద్ధం అబద్ధమే. నాలుగో శీలానికి మినహాయింపు లేదు. కానీ ఆ అబద్ధం ఒంటరిగా పుట్టలేదు. దుకాణం లాభం, డ్రైవరు అవసరం, నా చవక ఆశ, మూడూ కలిస్తేనే బండి కదిలింది. కారణాలు కలిస్తేనే ఫలితం అన్న ప్రతీత్య సముత్పాదం ఇదే. నా వంతు నేను తీసేస్తే ఆ గొలుసు అక్కడే తెగేది.

3. మధ్యాహ్నం: చిల్లర చప్పుడు

అక్కడి నుంచి వాట్ ఫోకి వెళ్లాను. దాని పూర్తి పేరులోని ‘చేతుఫోన్’ అంటే మన జేతవనమే. 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తున పవళించిన బుద్ధుడు. పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 గుర్తులు. ఆవరణలో వైద్యం, మర్దన మొదలైన విద్యలను రాతిపలకల మీద చెక్కించి ఉన్నాయి, వచ్చినవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. చదువు చెవిన పడడమే తప్పని కొందరిని దూరం పెట్టిన దేశం నుంచి వెళ్లినవాణ్ణి, వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

గోడ పొడవునా 108 కంచు గిన్నెలు. చిల్లర కొనుక్కుని ఒక్కోదాంట్లో ఒక్కో నాణెం వేస్తూ పోతారు. నేనూ వేశాను. సగానికి వచ్చేసరికి నా లోపల లెక్క నడుస్తోందని గమనించాను: ఇన్ని వేస్తే ఏం వస్తుంది? చేతిలోంచి నాణెం జారుతోంది గానీ మనసులో బేరం జారడం లేదు. కర్మ అంటే చేతన అని భగవానుడు చెప్పింది ఇందుకే.

4. సాయంత్రం: పంజరం

రేవు దగ్గర ఒకామె చిన్న చిన్న వెదురు పంజరాల్లో పిట్టలను పెట్టుకుని కూర్చుంది. డబ్బిస్తే పంజరం మీది. తలుపు తీసి వదిలితే పుణ్యం. నా పక్కన ఒక పాప వాళ్లమ్మతో కలిసి రెండు పిట్టలను వదిలింది. అవి ఎగరగానే చప్పట్లు కొట్టింది. నా చెయ్యి కూడా జేబులోకి పోయింది. జాలే కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాను.

అప్పుడొక ప్రశ్న వచ్చింది: వీటిని పంజరంలో పెట్టింది ఎవరు? కొనేవాడు ఉన్నాడు కాబట్టి పట్టేవాడు ఉన్నాడు. నేను ఇవాళ ఒకదాన్ని వదిలితే, ఆ ఖాళీ పంజరం కోసం రేపు ఇంకొకటి వలలో పడుతుంది. ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాలు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అమ్మేవాళ్లకే కాదు, కొనేవాళ్లకూ అందులో పాఠం ఉంది.

నేను కొనలేదు. కానీ తృప్తిగా కదల్లేదు. ఒక పిట్ట కమ్మీల మధ్య ముక్కు పెట్టి నా వైపే చూస్తోంది. కొంటే కళ్లముందు ఒకటి బతుకుతుంది, కొనకపోతే అది అలాగే ఉంటుంది. ఆ బాధను మాన్పుకోవడానికి డబ్బిచ్చి ఉంటే, అది పిట్ట కోసమా, నా కోసమా? దుఃఖ వేదనను తప్పించుకోవాలనుకోవడం కూడా తృష్ణే. కరుణకు ప్రజ్ఞ తోడు లేకపోతే, ఆ కరుణే పంజరాలు అల్లిస్తుంది.

పడవలో నది దాటి వాట్ అరుణ్ మెట్ల దగ్గర కూర్చున్నాను. పొద్దు గుంకింది. ఈసారి ఫోను తీయలేదు.

ఆచరణ

ఊరు వెళ్లక్కర్లేదు. ఈ వారం మన సంతలోనో, బస్టాండులోనో ఒక గంట ఇలా చేయండి: ఏదైనా తగలగానే ఒక్క ఊపిరి ఆగండి. ఏమనిపించిందో చూడండి. చెయ్యి కదిలేముందు, ఇది ఎవరి కోసమని అడగండి.

చర్చకు ప్రశ్నలు:
1. మన దానాల్లో బేరం ఎక్కడ దాగి ఉంది?
2. మనం జాలితో చేసే ఏ పని, ఆ దుఃఖాన్నే మళ్లీ పుట్టిస్తోంది?
3. ఆ పిట్ట ముందు మీరుంటే ఏం చేసేవారు? పంజరాలే లేకుండా పోవాలంటే అందరం కలిసి ఏం చేయాలి?

మూడో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కలిసి వెతుకుదాం.

సమస్త ప్రాణులకూ మేలు కలుగుగాక!