భూసేకరణ నోటీసు, విచారణ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: భూసేకరణ నోటీసు అందగానే అందులో ముందుగా ఏం చూడాలి?

జవాబు: ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారన్నది. గడువూ, విచారణలో చెప్పుకోదగిన విషయమూ దాన్ని బట్టే మారతాయి. కాలువలు, పరిశ్రమల వంటి వాటికి సాధారణంగా 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తుంది. అందులో 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. జాతీయ రహదారి కోసమైతే వర్తించేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం. అక్కడ గడువు 21 రోజులే.

రోజుల లెక్క నోటీసు చేతికి అందిన నాటి నుంచి కాదు, నోటిఫికేషన్ ప్రచురణ నుంచి మొదలవుతుంది. అది గెజిట్‌లో, పత్రికల్లో, పంచాయతీ కార్యాలయంలో వేర్వేరు రోజుల్లో వెలువడవచ్చు. వాటిలో అన్నిటికంటే ముందున్న తేదీనే లెక్కకు తీసుకోవడం క్షేమం. పొలం కౌలుకిచ్చి దూరాన ఉంటున్నవారు ఊళ్లో నమ్మకమైన ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచడం అవసరం.

ప్రశ్న: మొదటి విచారణలోనే ఎకరా ధర గురించి అడగవచ్చా?

జవాబు: అడిగినా ఫలితం ఉండదు. 2013 చట్టం 15వ సెక్షన్ కింద జరిగే ఈ విచారణ భూమి తీసుకోవాలా వద్దా అన్నదాని గురించే. సేకరించే విస్తీర్ణం, ఆ పనికి ఆ భూమి తగినదా కాదా, ప్రజా ప్రయోజనం నిజంగా ఉందా, సామాజిక ప్రభావ మదింపు నివేదికలో తేల్చినవి సరైనవేనా - వీటి మీదే అభ్యంతరం చెప్పాలి. రాష్ట్ర సవరణల వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ మదింపు నుంచి మినహాయింపు ఉంది.

“భూమి ఇవ్వం” అన్న ఒక్క మాటతో ఆపిన అర్జీని తోసిపుచ్చడం సులువు. ఫలానా సర్వే నంబరులో బావి పోతే మిగిలిన రెండెకరాలకు నీరుండదనీ, ఆ పక్కనే ప్రభుత్వ బీడు ఉందనీ రాసి, పటం జతచేస్తే అధికారి దానికి సమాధానం చెప్పాల్సి వస్తుంది. అభ్యంతరం రాతపూర్వకంగానే ఇవ్వాలి. నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవాలి. కుదరకపోతే రశీదుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. నోటితో చెప్పి వచ్చేసినవారి దగ్గర తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. విచారణకు స్వయంగా వెళ్లవచ్చు, అధికారమిచ్చి మరొకరిని గానీ న్యాయవాదిని గానీ పంపవచ్చు. కలెక్టర్ అందరి మాటా విని నివేదిక పంపుతారు. దాని మీద నిర్ణయం ప్రభుత్వానిది.

ప్రశ్న: పరిహారం గురించి ఎప్పుడు చెప్పాలి? ఏ కాగితాలు కావాలి?

జవాబు: 21వ సెక్షన్ నోటీసు వచ్చినప్పుడు. హాజరు కావడానికి కనీసం 30 రోజుల వ్యవధి ఇవ్వాలి. భూమిలో ఉన్న హక్కు, కోరుతున్న మొత్తం, కొలతల మీద అభ్యంతరాలు రాసివ్వాలి. పాసు పుస్తకం, అడంగల్ లేదా పహాణీతో పాటు, చుట్టుపక్కల భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్లు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తెచ్చి పెట్టడం చాలా ముఖ్యం. మార్కెట్ విలువ లెక్కలో వాటికి చోటుంది. చెట్లు, బోరు, ఇల్లు వంటి వాటికి విడిగా విలువ కడతారు. ఆ మొత్తం పరిహారం మీద అంతే సొమ్ము, అంటే నూటికి నూరు శాతం, సొలేషియంగా కలుస్తుంది.

పట్టా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే వారసులంతా కలిసి క్లెయిము వేయడం మేలు. వాటాల మీద తగాదా ఉంటే సొమ్ము వారి చేతికి రాకుండా భూసేకరణ తగాదాలు విచారించే అథారిటీ దగ్గర జమవుతుంది. కౌలుదార్లు కూడా తమ క్లెయిము తామే వేసుకోవచ్చు. యజమాని ద్వారానే వేయాలన్న నియమం లేదు.

ప్రశ్న: అవార్డు, అంటే పరిహారం ఖరారు చేస్తూ కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వులో మొత్తం తక్కువైతే సొమ్ము తిరస్కరించాలా?

జవాబు: అక్కర్లేదు. “అభ్యంతరానికి లోబడి తీసుకుంటున్నాను” అని రశీదులో రాసి సొమ్ము తీసుకోవచ్చు. ఆ మాట లేకుండా తీసుకుంటే మొత్తం చాలదని 64వ సెక్షన్ కింద అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు హాజరైనవారు 6 వారాల్లో, రానివారు కలెక్టర్ నోటీసు అందిన 6 వారాల్లో లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలల్లో, ఏది ముందైతే ఆ లోగా కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. జాతీయ రహదారి భూములకైతే ఈ తగాదా మధ్యవర్తి ముందుకు వెళ్తుంది.