పలుచని టీ, పదునైన నాలుక

వైట్ టీని మొదటిసారి రుచి చూసినవారిలో చాలామంది అనే మాట ఒకటే: ఇందులో ఏముంది, వేడినీళ్ళే కదా అని. ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. వారి నాలుకకు నిజంగానే అంతకుమించి అందలేదు. అల్లం, యాలకులు, చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార పడిన టీకి ఏళ్ళ తరబడి అలవాటుపడిన నాలుకకు లేత పసుపు రంగు నీళ్ళు ఇస్తే, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అయితే అదే కప్పులో ఎండుగడ్డి వాసన, లేత దోసకాయ చల్లదనం, మింగాక ఆలస్యంగా పైకి వచ్చే ఒక తీపి ఉన్నాయని దాన్ని రోజూ తాగేవారు గుర్తుపడతారు. కప్పు ఒకటే, టీ ఒకటే, మనుషులు వేరు. ఈ తేడాను సాధనతో దాటవచ్చని, అలా దాటడం నేరుగా వ్యక్తిత్వానికి సంబంధించిన పని అని నా వాదన. వైట్ టీని ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు. ఆరోగ్యానికి అది చేసే మేలు కొంత ఉంది, దాన్నీ తూచి చూద్దాం. కానీ దానివల్ల కలగగల పెద్ద మేలు గురించి డబ్బా మీద ఎవరూ రాయరు.

ఈ టీ పుట్టిల్లు చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియన్, అందులోనూ ఫూడింగ్, జంగ్‌హ ప్రాంతాలు. మనం పొద్దున్నే తాగే టీ, గ్రీన్ టీ, వైట్ టీ అన్నీ ఒకే జాతి మొక్క నుంచి వస్తాయి. ఆకు కోశాక దానికి ఏం చేస్తారన్నదే వీటిని వేరు చేస్తుంది. గ్రీన్ టీ ఆకును కోసిన కొద్దిసేపటికే వేడి పెనం మీదో ఆవిరిలోనో పెట్టి లోపలి ఎంజైముల పని ఆపేస్తారు. బ్లాక్ టీ ఆకును నలిపి, రసం గాలికి తగిలేలా చేసి నల్లబడనిస్తారు. మన వంటింటి డబ్బాలో ఉండే సీటీసీ పొడి 1930లలో అస్సాంలో మొదలైన యంత్ర పద్ధతి నుంచి వచ్చింది. ఆకును నలిపి, చీల్చి, చిన్న గుళికలుగా చుట్టే ఆ పద్ధతి వల్ల తక్కువ సమయంలో ఎక్కువ రంగు, ఎక్కువ ఘాటు, పాలు పోసినా తగ్గని డికాషన్ దొరుకుతాయి. వైట్ టీకి వీటిలో ఏదీ చేయరు. వసంతం మొదట్లో తెల్లటి నూగుతో ఉన్న మొగ్గలు కోసి, వెదురు జల్లెడల మీద పలుచగా పరిచి, ఒకటిన్నర నుంచి మూడు రోజుల దాకా వాడనిస్తారు. ఆ తర్వాత తక్కువ వేడి మీద ఆరబెడతారు. అంతటితో పని అయిపోతుంది. వినడానికి సులువే. కానీ ఆ రోజుల్లో గాలిలో తేమ పెరిగితే మొగ్గ నల్లబడుతుంది. ఎండ మండితే లోపల తడి ఉండగానే పైన ఎండిపోతుంది. చేసేవారు ఆకును నలపకూడదు, వదిలిపోనూ కూడదు. నేర్పు అంటే ఇంకా ఏదో చేయడమేనని నమ్మే మనకు ఇది ఆలోచించదగ్గ ఉదాహరణ. ఇక్కడ చేయి పెట్టకుండా కనిపెట్టుకుని ఉండడమే కష్టమైన భాగం.

ఇప్పుడు నాలుక సంగతికి వద్దాం. జర్మనీలోని లీప్‌జిగ్‌లో ఎర్న్‌స్ట్ వెబర్ అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం తొలి భాగంలో బరువులు మోయించి ఒక సూత్రం కనుక్కున్నాడు. చేతిలో ఉన్న బరువు తక్కువైతే దానికి కొంచెం కలిపినా తేడా తెలుస్తుంది. బరువు ఎక్కువైతే అదే కొంచెం కలిపినా తెలియదు. ఇంకా చాలా కలపాలి. తర్వాతి వారు ఈ సూత్రం చూపుకు, వినికిడికి, రుచికి కూడా దాదాపుగా వర్తిస్తుందని చూపించారు. అంటే ఘాటు పెరిగినచోట చిన్న తేడాలు మునిగిపోతాయి. రెండు చెంచాల పంచదార ఉన్న కప్పులో ఇంకో చిటికెడు పడినా తెలియదు; ఏమీ లేని కప్పులో అయితే నీరు మారినా తెలుస్తుంది. ఘాటు పెంచుకుంటూ పోయే మనిషికి లోకం ఎక్కువ రుచిగా మారదు, మెట్లు తక్కువవుతాయి. గ్రహించగలిగే వివరాలు ఒక్కొక్కటే జారిపోతాయి.

పోయినవి తిరిగి వస్తాయా అంటే, వస్తాయనడానికి ఆధారముంది. 1982లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో కొందరు ఐదు నెలలు ఉప్పు తగ్గించి తిన్నారు. ఆ తర్వాత సూపులోనూ బిస్కట్లలోనూ వారికి నచ్చే ఉప్పు మోతాదే తగ్గిపోయింది. 2016లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా లోతైన విషయం చెబుతుంది. అందులో ఒక బృందం మూడు నెలలపాటు తమ ఆహారంలో చక్కెరల నుంచి వచ్చే శక్తిలో 40 శాతాన్ని వేరే ఆహారంతో భర్తీ చేసింది. మూడో నెలకు ఒకే రకం పుడ్డింగు వారికి ఆహారం మార్చనివారి కంటే సుమారు 40 శాతం ఎక్కువ తీపిగా తోచింది. ఇక్కడిదాకా శుభవార్తే. కానీ తక్కువ తీపి వారికి అంతకు ముందుకంటే ఎక్కువ నచ్చిందా అంటే, లేదు. ఆంక్ష తీసేయగానే వారు మళ్ళీ త్వరగా పంచదార వైపు వెళ్ళారు. వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడేవారంతా ఆగి చూడవలసిన చోటు ఇదేనని నాకనిపిస్తుంది. మానేయడం వల్ల గ్రహణశక్తి వస్తుంది; ఇష్టం దానంతటది రాదు. పట్టుదలతో ఒకదాన్ని వదిలినవారు ఆ ఖాళీలో మరో ఆనందాన్ని నాటుకోకపోతే, పట్టుదల అలసిన రోజున పాతదే తిరిగి వస్తుంది. కొత్త సంవత్సరం తీర్మానాలు ఎన్నో కూలేది ఇక్కడే. వైట్ టీ విలువ నా దృష్టిలో ఇదీ: అది పంచదార వద్దని చెప్పి ఊరుకోదు, పంచదార లేనప్పుడే దొరికే ఒక ఆనందాన్ని చేతికిస్తుంది.

ఆ ఆనందం దొరకాలంటే కాస్త పద్ధతి కావాలి. రెండు మూడు గ్రాముల ఆకు, ఒక గ్లాసు నీరు, మరిగించి కొన్ని నిమిషాలు ఆరనిచ్చిన వేడి, అంటే 80 డిగ్రీలకు అటూఇటూ. మూడు నాలుగు నిమిషాలుంచి వడకట్టాలి. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోసి, ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచాలి. మంచి ఆకు మూడు నాలుగు సార్లు తేలిగ్గా దిగుతుంది. మొదటి కప్పుకూ మూడో కప్పుకూ మధ్య ఏం మారిందో గమనించడమే సాధన. వారం పాటు ఆకు, నీరు మార్చకుండా నానబెట్టే సమయం మాత్రమే మార్చి చూడండి. తర్వాతి వారం సమయం అలాగే ఉంచి వేడి మార్చండి. ఫోను చూస్తూ తాగితే ఈ టీ మీకు ఏమీ ఇవ్వదు, ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది కూడా. పరధ్యానాన్ని ఇంత త్వరగా, ఇంత మృదువుగా పట్టిచ్చే దినచర్య ఇంకోటి దొరకడం కష్టం.

నాలుక పదునెక్కినంత మాత్రాన మనిషి మారతాడా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. టీ తాగితే ఓర్పు వస్తుందని, కోపం తగ్గుతుందని నేను అనను. నా మాట అంతకంటే చిన్నది. తక్కువ మోతాదులో ఉన్నదాన్ని పట్టుకోవడం ఒక నైపుణ్యం. పెళ్ళి బ్యాండు పక్కన నిలబడినవారికి పక్కవారి మాట వినబడకపోవడం చెవి తప్పు కాదు. అక్కడి నుంచి పది అడుగులు జరగాలన్న ఆలోచన రాకపోతే మాత్రం అది వారి తప్పే. ఎదుటివారి గొంతులోని అలసట, పిల్లల మౌనంలోని తేడా, మనలోనే మొదలవుతున్న చిరాకు, ఇవన్నీ తక్కువ మోతాదులోనే మొదట కనిపిస్తాయి. పెద్దవయ్యాక ఎవరికైనా కనిపిస్తాయి. చిన్నగా ఉన్నప్పుడు పసిగట్టాలంటే చుట్టూ ఉన్న ఘాటు తగ్గించుకుని ఓపిగ్గా చూసే అలవాటు ఎక్కడో ఒకచోట మొదలు కావాలి. రోజుకు పదిహేను నిమిషాలు, చవకగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా అది నాలుక దగ్గర మొదలు కాగలదు.

ఆరోగ్యం విషయంలో అతిగా ఆశపడకూడదు. వైట్ టీలో క్యాటెచిన్లనే పాలిఫినాల్స్ ఉన్న మాట నిజం. వాటి గురించి చెప్పే గొప్పల్లో చాలా వరకు ప్రయోగశాలలో కణాల మీద చూసినవే. మాత్రల రూపంలో గాఢంగా తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది కలగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాచుకుని తాగే టీకి ఆ భయం సాధారణంగా లేదు. వైట్ టీలో కెఫీన్ ఉండదన్న ప్రచారం తప్పు. లేత మొగ్గల్లో కెఫీన్ బాగానే ఉంటుంది, నిద్ర పట్టనివారు సాయంత్రం మానుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మన ఆడవాళ్ళకు సంబంధించింది. టీలోని పాలిఫినాల్స్ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు నుంచి గంట తర్వాత దాకా టీ, కాఫీ తాగవద్దని చెప్పింది. వైట్ టీకీ అదే నియమం. ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలే ఖాయమైన మేలు ఒకటుంది: పాలు, పంచదార లేకుండానే నచ్చే పానీయం ఇది. రోజుకు మూడు కప్పుల తీపి టీ తాగేవారు అందులో రెండింటిని మార్చుకుంటే నాలుగు చెంచాల పంచదార తగ్గినట్టే. ఏ క్యాటెచిన్ లెక్కలకంటే నాకు ఈ లెక్క మీదే నమ్మకం.

ఇదంతా డబ్బున్నవారి ముచ్చట అన్న అభ్యంతరంలో సగం నిజముంది. మొగ్గలు మాత్రమే ఏరి చేసిన సిల్వర్ నీడిల్ ఖరీదైనదే. కానీ మొగ్గతోపాటు ఒకటి రెండు ఆకులుండే బై ముదాన్, ఇంకా ముదురు ఆకులతో చేసే షౌ మెయ్ దానికంటే చాలా తక్కువకు వస్తాయి. డార్జిలింగ్, నీలగిరి తోటలు కూడా వైట్ టీ చేస్తున్నాయి. ఒకే ఆకును నాలుగుసార్లు వాడుకుంటాం కాబట్టి కప్పు లెక్కన భారం ఇంకా తగ్గుతుంది. ఇక ఇరానీ చాయ్ వదులుకోవాలా అంటే, ఎందుకు? నలుగురూ కూర్చుని గట్టిగా మాట్లాడుకునే వేళకు ఆ చిక్కటి చాయే తగినది. అతిథికి వైట్ టీ ఇచ్చి మెచ్చుకోమని చూడడం మర్యాద కాదు. ఇది ఒంటరి వేళకు, లేదా ఇష్టపడి అడిగిన స్నేహితుడికి.

వంటలోకి వచ్చేసరికి, ఘాటు పెరిగినచోట చిన్న తేడాలు మునిగిపోతాయన్న ఆ సూత్రమే మరో వైపు నుంచి కనిపిస్తుంది. టీ ఆకు వంటకు కొత్త కాదు. బర్మాలో ఊరబెట్టిన తేయాకును సలాడ్‌గా తింటారు, హాంగ్‌జౌలో గ్రీన్ టీతో రొయ్యలు వండుతారు, చైనాలో పాతబడిన షౌ మెయ్‌ని ఎండిన కమలా తొక్కతో కలిపి మరిగించి తాగుతారు. వైట్ టీ మొగ్గను మాత్రం పోపుల మధ్యకు తేకూడదు; ఆవాలు, ఇంగువ తగిలితే అది ఉన్నట్టే తెలియదు. పక్కనున్నవి తగ్గితేనే తన వంతు పలికే పదార్థమిది. కాచిన రెండో నీళ్ళతో అన్నం వండి, చిటికెడు ఉప్పు, కాస్త నెయ్యితో తినవచ్చు. ముళ్ళు తీసిన చేపముక్కను ఆవిరి మీద పెట్టేటప్పుడు కింది నీళ్ళలో ఈ ఆకు వేయవచ్చు. ఎండాకాలంలో లీటరు చల్లటి నీళ్ళలో ఐదారు గ్రాముల ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వడకట్టి, అందులో పొట్టు తీసిన తాటిముంజలు గంటసేపు నాననివ్వండి. ముంజల లేత తీపికి ఈ నీళ్ళు అడ్డు రావు. పంచదార కలపాలనిపిస్తే ముందు ఒక ముంజ నెమ్మదిగా తిని, అప్పుడు నిర్ణయించుకోండి.