చక్రవడ్డీ అంటే ఏమిటి?

కడప జిల్లాలో వేంపల్లె ఉంది. పాపాఘ్ని ఏటి పక్కనున్న ఊరు అది. ఒక సాయంత్రం అక్కడి చదువు కేంద్రంలో ఆడవాళ్లు కూర్చున్నారు. పెద్దమ్మ కొంగులోంచి ఒక కాగితం తీసింది. అది ప్రోనోటు. బోరు కోసం పదివేల రూపాయలు అప్పు తీసుకుంటోంది. తెల్లారితే సంతకం చెయ్యాలి.

"చదువు పెద్దమ్మా" అంది కార్యకర్త.

పెద్దమ్మ వేలు పెట్టి చదివింది. "నూటికి నెలకు రెండు రూపాయల చక్రవడ్డీ." ఒక్క అక్షరం తప్పు పోలేదు. చదివి ఆగింది. "బండి చక్రానికి వడ్డీ ఏంది పాపా?" అని అడిగింది. అందరూ నవ్వారు. కానీ వారిలో చాలామందికి ఆ మాట తెలియదు.

అక్షరాలు వస్తే చదవగలం. మాట తెలిస్తేనే అర్థమవుతుంది.

కార్యకర్త బోర్డు మీద నాలుగు గదులు గీసింది. నడుమ 'చక్రవడ్డీ' అని రాసింది.

మొదటి గది: అర్థం. కట్టని వడ్డీని అసలులో కలిపి, దానిమీద మళ్లీ వడ్డీ వేయడం.

రెండో గది: మన ఊరి మాట. "వడ్డీకి వడ్డీ అంటాం గదా!" అంది చిన్నమ్మ.

మూడో గది: జత మాట. బారువడ్డీ. ఇందులో అసలుకే వడ్డీ.

నాలుగో గది: సొంత వాక్యం. ఇది పెద్దమ్మే చెప్పింది. "చక్రవడ్డీ అయితే అప్పు తీరదు."

తర్వాత అందరూ లెక్క వేశారు. అసలు రూ. 10,000. ఏడాదికి వడ్డీ రూ. 2,400. రెండేళ్లకు బారువడ్డీ రూ. 4,800. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపితే, రెండో ఏడు వడ్డీ రూ. 12,400 మీద పడుతుంది. అది రూ. 2,976. రెండేళ్లకు మొత్తం వడ్డీ రూ. 5,376. తేడా రూ. 576!

"ఒక్క మాటకు ఇంత దుడ్డా!" అంది పెద్దమ్మ.

ఆ రోజు నుంచి కేంద్రంలో రోజుకొక మాటకు నాలుగు గదులు గీస్తున్నారు. విత్తనాల సంచి మీద 'వేరుశనగ' అని ఉంటుంది. రెండో గదిలో 'చెనిక్కాయ' అని రాశారు. రెండు మాటలూ మంచివే. పుస్తకం మాట నేర్చుకోవాలి. ఊరి మాట మరువకూడదు.

ఊరి మాటలు తక్కువవి కావు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు గొప్ప భాషా పండితులు. రైతులు వాడే సేద్యం మాటలను ఊరూరా సేకరింపజేసి, ఒక పదకోశం తయారుచేశారు. అది 1962లో అచ్చయింది. తర్వాత 1971లో చేనేత మాటల పదకోశం వచ్చింది. పండితులకు ఆ మాటలు చెప్పింది రైతులు, నేతగాళ్లే.

మరునాడు పెద్దమ్మ అప్పిచ్చే ఆయన దగ్గరికి పోయింది. "బారువడ్డీ అని రాయప్పా, అప్పుడు చేస్తా" అంది. ఆయన కాసేపు గొణిగాడు. చివరికి వేరే నోటు రాశాడు. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.

చెయ్యండి:
1. 'జామీను' అనే మాటకు నాలుగు గదులు గీసి నింపండి.
2. అసలు, బాకీ, వాయిదా – ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.
3. మీ ఇంట్లో ఉన్న ఒక కాగితం చదవండి. తెలియని మాట కింద గీత గీయండి. కేంద్రానికి తెచ్చి అడగండి.