పెరటి కొట్టమునకు భూగర్భ విద్యుత్తీగ

ఈశాన్య ఋతుపవనపు వానలకు చెన్నపట్టణపు పెరళ్ళలో నీరు నిలుచుట మనమెఱిగినదే. 2015, 2023 డిసెంబరు మాసములలో నగరమే నీట మునిగినది. మన పిల్లలు తిరుగాడు ఆ నేలలోనే విద్యుత్తీగను పాతదలచినప్పుడు, తల్లిదండ్రులు ఈ క్రింది విషయములను గమనింపవలెనని కోరుచున్నాము.

ఇంటి గోడలకు వాడు సాధారణపు తీగను మట్టిలో పాతరాదు. కనీసము 75 సెంటీమీటర్ల లోతున గాడి త్రవ్వి, ఇసుక పఱచి, దానిపై ఉక్కు కవచముగల కేబులును ఉంచి, మరల ఇసుక కప్పి, పైన ఇటుకలు పేర్చవలెను. మున్ముందు గడ్డపారతో త్రవ్వువానికి ఆ ఇటుకలే హెచ్చరిక. కవచమును తప్పక ఎర్తుకు కలుపవలెను. నడుమ అతుకు ఉండరాదు; నీరు చొరబడునది అచ్చటనే.

తడినేలపై నిలిచినవానికి 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాంతకము. ఫ్యూజు అధిక ప్రవాహమునే ఆపును గాని, మనిషి దేహముగుండా పోవు స్వల్ప ప్రవాహమును కనిపెట్టలేదు. కావున 30 మిల్లీఆంపియర్ల లీకేజికే సరఫరాను త్రుంచివేయు ఆర్.సి.సి.బి. అను బ్రేకరును, కేబులు బయలుదేరు ఇంటివద్దనే అమర్పవలెను.

ఈ పనిని లైసెన్సుగల వారిచేతనే చేయించి, కేబులు పోవు దారిని పటముగా గీచి భద్రపఱచవలెను. మట్టి కప్పిన పిమ్మట ఆ కాగితమే మనకు కన్ను.