వైడ్ యాంగిల్ జూమ్ లెన్సు: కొనేముందు, కొన్న తరువాత

 

ఈ పుటలలో నేను మామూలుగా విద్యారుణం గురించో, బ్యాంకు ఖాతాల గురించో రాస్తుంటాను. ఈసారి కెమెరా లెన్సు గురించి రాయవలసి వచ్చింది. మొన్న స్కాలర్‌షిప్ పంపిణీ ముగిసి కుర్చీలు సర్దుతుండగా, మన బళేపేటలోనే గాజుల అంగడి నడుపుకొనే ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి, "అన్నా, మావాడికి వచ్చిన డబ్బు మొత్తం ఒక లెన్సుకు పెట్టాలంటున్నాడు. కెమెరాతో ఒక లెన్సు వచ్చింది కదా, మళ్ళీ ఇంకొకటి ఎందుకు? నువ్వు ఫోటోలు తీసేవాడివి, నువ్వే చెప్పు" అన్నారు. అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. డిగ్రీలో విజువల్ కమ్యూనికేషన్ రెండవ సంవత్సరం. ఏదో సరదాకు అడుగుతున్నట్టు అనిపించలేదు. అలాగని తండ్రి సందేహంలో తప్పూ లేదు. వారిద్దరికీ ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేసి చూపించినదే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట లెక్క. కెమెరా లోపల బొమ్మ పడే పలకను సెన్సారు అంటారు. విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించే నికాన్, సోనీ చిన్న సెన్సారు కెమెరాలలో దాని వెడల్పు సుమారు 23.5 మి.మీ., కెనాన్‌లో 22.3 మి.మీ. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలలో 36 మి.మీ. లెన్సు మీద 18-55 అనో 10-20 అనో ఉండే అంకెలు దాని ఫోకల్ లెంగ్తులు. ఎదుటి గోడ ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరాన్ని సెన్సారు వెడల్పుతో గుణించి, ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే, ఫోటోలో ఆ గోడ ఎన్ని అడుగులు పడుతుందో వస్తుంది. ఇంతకు మించిన గణితం అవసరం లేదు.

ఆ అంగడినే తీసుకుందాం. ఒక పక్క గాజుల అరలు 14 అడుగుల పొడవు. ఎదుటి గోడకు వీపు ఆనించి నిలబడితే అరలకూ కెమెరాకూ మధ్య 7 అడుగులు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్సును 18 దగ్గర పెడితే, 7ను 23.5తో గుణించి 18తో భాగించగా 9 అడుగుల చిల్లర. అంటే 14 అడుగుల అరలో దాదాపు 5 అడుగులు బయటే ఉండిపోతుంది. 10 మి.మీ. అయితే 16 అడుగులకు పైగా పడుతుంది. సరిగ్గా 14 అడుగులు పట్టాలంటే 12 మి.మీ. దగ్గర కావాలి. వెనక్కు జరుగుదామంటే గోడ ఉంది. వైడ్ యాంగిల్ జూమ్ అసలు పని ఇక్కడే. మన పేట అంగళ్ళు, పాత ఇళ్ళ నడవలు, పెళ్ళివారింటి విడిది గదులు, చిన్న గుళ్ళ ముఖమండపాలు, ఇవన్నీ వెనక్కు జరగడానికి వీలులేని చోట్లే.

వెనక్కు జరగడానికి వీలున్న చోట మాత్రం ఇది వాడవద్దు. ఈ మాట చాలామంది కొత్తవారికి తెలియదు. లేపాక్షి బసవన్న దగ్గర నాకే తెలిసింది. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది దాదాపు 27 అడుగుల పొడవు. 10 మి.మీ. పెట్టి పదకొండున్నర అడుగుల దూరంలో నిలబడితే మొత్తం పడుతుంది, నిజమే. కాని కొంచెం ముందుకు వచ్చి ముఖం వైపు నిలబడితే ముఖం బండంత, నడుము మేక నడుమంత అవుతుంది. అదే నందిని 18 దగ్గర పెట్టి 21 అడుగుల వెనక నుంచి తీస్తే శిల్పి చెక్కిన నిష్పత్తి నిలుస్తుంది. అక్కడ స్థలానికి కొదువ లేదు. దగ్గరది పెద్దగా, దూరానిది చిన్నగా కనిపించడం లెన్సు మాయ కాదు, మనం నిలబడిన చోటు వల్ల. వైడ్ లెన్సు మనల్ని మరీ దగ్గరకు పోనిస్తుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

లేపాక్షి ఎత్తాను కాబట్టి ఇంకొంత చెబుతాను, ఎందుకంటే ఈ లెన్సు నేర్చుకోవడానికి బెంగళూరు నుంచి ఒక్కరోజులో పోయి రాదగిన చోట్లలో అంతకంటే మంచిది నాకు తెలియదు. హైదరాబాదు రోడ్డులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగితే, మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. విజయనగర కాలంలో, అచ్యుతదేవరాయల ఏలుబడిలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. మండపాల పైకప్పు నిండా రంగుల చిత్రాలు. వాటిని నిలువుగా తలెత్తి చేతితో తీస్తే మెడ నొప్పి, ఫోటో వంకర. ఒక తువ్వాలు మడిచి నేల మీద వేసి, కెమెరాను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టండి. అద్దం పైకి చూస్తుంది. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, పది సెకన్ల టైమరు పెట్టి పక్కకు జరగండి. షట్టరు ఒకటి రెండు సెకన్లు తెరుచుకున్నా కెమెరా కదలదు. బొమ్మల గీతలన్నీ సూటిగా వస్తాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలలో ట్రైపాడ్‌కు అనుమతి తీసుకోవాలి. తువ్వాలును ఎవరూ అడ్డుకోలేదు. ఆ రంగులు దాదాపు అయిదు వందల ఏళ్ళ నాటివి, వాటి మీద ఫ్లాష్ కొట్టకండి.

ఫ్లాష్ వేరే చోట కూడా ఈ లెన్సుతో కుదరదు. కెమెరా నెత్తి మీద ఉండే చిన్న ఫ్లాష్ వెలుగు సుమారు 18 మి.మీ. చూపే వెడల్పు వరకే సరిపోతుంది. 10 దగ్గర మూలలు చీకటి పడతాయి, కింద లెన్సు నీడ కూడా అర్ధచంద్రంలా పడుతుంది.

ఇక మనుషులు. కొన్నేళ్ళ కిందట ఒక బహుమతి సభలో ఫోటో తీసే పని నా మీద పడింది. హాలు చిన్నది, జనం ఎక్కువ. నేను ఉత్సాహంగా 10 మి.మీ. పెట్టి అందరినీ పట్టించాను. ప్రింటు చూసి, వరుస చివర కూర్చున్న ఒక పెద్దావిడ "ఈ లావుపాటి ఆవిడ ఎవరు నాయనా?" అని అడిగారు. అది ఆవిడే. వైడ్ లెన్సు అంచులలో ముఖాలను పక్కకు సాగదీస్తుంది. సర్దిచెప్పడానికి నాకు మాట రాలేదు. అప్పటి నుంచి గుంపు ఫోటోకు 16 కంటే కిందికి దిగను, వరుసను కొంచెం అర్ధవృత్తంగా వంచుతాను, అంచులలో మనుషులకు బదులు గోడో, పూలకుండీయో ఉండేలా చూస్తాను. చోటు చాలకపోతే రెండు వరుసలను మూడు చేస్తాను.

వీధిలో తీసేటప్పుడు కెమెరాను మట్టసంగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి. కొంచెం పైకి ఎత్తితే చాలు, మేడలు వెనక్కు పడిపోతున్నట్టు వస్తాయి. నిలువుగా, మట్టసంగా పట్టి 10 దగ్గర 12 అడుగుల దూరం నుంచి తీస్తే మొత్తం 28 అడుగులు పడుతుంది గాని, అందులో సగం మన కంటికి కిందనే, అంటే చాలావరకు రోడ్డే. పైన దక్కేది 14 అడుగులు. అందుకే ఎదుటి ఇంటివారిని అడిగి వారి మొదటి అంతస్తు వరండా ఎక్కడం మేలు. మన పేటలో అడిగితే కాదనేవారు తక్కువ, కాఫీ కూడా ఇస్తారు.

ఆ రోడ్డు ముందుభాగాన్ని వృథా పోనివ్వకుండా వాడుకోవడమే ఈ లెన్సులో అందం. 10 మి.మీ., ఎఫ్/8 పెట్టి రెండు అడుగుల దగ్గర ఫోకస్ చేస్తే, చిన్న సెన్సారు కెమెరాలో సుమారు ఒక అడుగు నుంచి కనుచూపు మేర వరకు అన్నీ స్పష్టంగా ఉంటాయి. అదే 18 దగ్గర అయితే ఆరున్నర అడుగుల దగ్గర ఫోకస్ చేయాలి, మూడడుగుల పైనుంచి స్పష్టత మొదలవుతుంది. కన్నడంలో బళె అంటే గాజు. గాజుల గుత్తిని లెన్సుకు అడుగున్నర దూరంలో పెట్టి, వెనక అంగడి, దాని వెనక వీధి కనబడేలా తీయమని ఆ అబ్బాయికి చెప్పాను. ముందు ఏమీ లేని వైడ్ ఫోటోలో ఖాళీ నేలే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక ఏది కొనాలి? కెనాన్ పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నవారికి 2014లో వచ్చిన ఈఎఫ్-ఎస్ 10-18, నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు 2017లో వచ్చిన ఏఎఫ్-పి డీఎక్స్ 10-20 తేలికైనవి, చేతి వణుకు సర్దే ఏర్పాటు ఉన్నవి. రెండూ పావుకిలో లోపే. ఒక హెచ్చరిక: ఆ నికాన్ లెన్సు డి90, డి7000 వంటి పాత కెమెరాలలో ఫోకస్ కానే కాదు, చేతితో తిప్పినా కాదు. కెనాన్ మిర్రర్‌లెస్‌కు 2023లో వచ్చిన ఆర్ఎఫ్-ఎస్ 10-18 బరువు 150 గ్రాములే. అంగడిలో ఎవరైనా ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 16-35 చూపించి "ఇదీ వైడే" అంటే, మీ కెమెరా చిన్న సెన్సారుదైతే తొందరపడకండి. 16 అంటే మీ దగ్గరున్న 18 కంటే కాస్తే వెడల్పు. మన అంగడి లెక్కలో 9 అడుగులు 10 అవుతుంది, అంతే.

ఎఫ్/2.8 లెన్సులు ఖరీదు, బరువు. ఎఫ్/4 కంటే రెట్టింపు వెలుతురు లోపలికి రానిస్తాయి. ధర్మరాయస్వామి గుడి కరగ రాత్రి వంటి వేళ, చీకటిలో జనం కదులుతుంటే అది అక్కరకు వస్తుంది. వణుకు సర్దే ఏర్పాటు మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివారి పరుగును ఆపదు. గోడలు, గుళ్ళు, గదులు తీసేవారికి ఎఫ్/4.5 చాలు.

కొనేముందు ఒక పని చేయండి. గడచిన ఏడాదిలో తీసిన ఫోటోలను కంప్యూటరులో తెరిస్తే ఒక్కొక్కటి ఏ ఫోకల్ లెంగ్తులో తీశారో వివరాలలో ఉంటుంది. 18 దగ్గర తీసినవి ఎన్నో లెక్కపెట్టండి. పదింట ఒకటి కూడా లేకపోతే మీకు ఈ లెన్సు అవసరం లేదు, ఆ డబ్బుతో మంచి ట్రైపాడ్ కొనుక్కోండి. మూడింట ఒకటి ఉంటే మీరు నిజంగానే గోడకు ఆనుకొని నిలబడుతున్నారన్నమాట. చాలా ఫోన్లలో 0.5 అని ఉండే కెమెరా కూడా ఇంచుమించు ఇంతే వెడల్పు చూపిస్తుంది, ఒక నెల దానితో సాధన చేయడానికి ఖర్చు లేదు.

తల్లిదండ్రులకు డబ్బు లెక్క. లెన్సు రూ. 20,000 అనుకుందాం, రోజు అద్దె రూ. 500 అనుకుందాం. రెండేళ్ళు వాడి రూ. 12,000కు అమ్మగలిగితే అసలు ఖర్చు రూ. 8,000, అంటే 16 రోజుల అద్దె. రెండేళ్ళలో 16 రోజులకు మించి పని ఉంటేనే కొనడం లాభం. వాయిదాల మీద కొంటే వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. 20,000కు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,400. అదే 12 శాతం తగ్గే బాకీ మీద అయితే సుమారు 1,324. ఫ్లాట్ 12 నిజానికి 21 శాతం దాటుతుంది. కౌంటరు వెనక కూర్చున్న ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కోర్సుకు అవసరమైన పరికరాలను బ్యాంకులు విద్యారుణంలో చేర్చే వీలుంది. కళాశాల నుంచి జాబితా రాయించి, దరఖాస్తుతోనే పెట్టండి, తరువాత అడిగితే కష్టం.

"ఫోటోల చదువు తిండి పెడుతుందా అన్నా?" అని కూడా ఆ తండ్రి అడిగారు. అందరికీ పెడుతుందని నేను చెప్పలేను. గురుదత్ సినిమాలకు ఛాయాగ్రాహకుడైన వి.కె. మూర్తి గారు మన ఊళ్ళోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లోనే 1940లలో సినిమాటోగ్రఫీ డిప్లొమా చదివారు. భారతదేశపు మొదటి సినిమాస్కోప్ చిత్రం, 1959 నాటి కాగజ్ కే ఫూల్, ఆయన తీసిందే. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు ఇచ్చారు, ఒక ఛాయాగ్రాహకునికి అది రావడం అదే మొదటిసారి. ఆ తండ్రికి ఇంతవరకే చెప్పగలిగాను.

పాత లెన్సు కొంటే నాలాగా మోసపోకండి. ఒకచోట బేరం బాగుందని పైపైన చూసి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి టార్చి వేస్తే లోపలి అద్దం మీద సాలెగూడులాంటి బూజు. లెన్సును విప్పి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూడండి. దారాలు కనిపిస్తే వదిలేయండి. తరువాత గోడకు దినపత్రికలు అతికించి, సూటిగా నిలబడి ఫోటో తీసి, నాలుగు మూలల అక్షరాలు పోల్చండి. నాలుగూ కాస్త మసకగా ఉంటే అది ఆ లెన్సు గుణం. ఒక్క మూల మాత్రమే మసకైతే లోపల అద్దం పక్కకు జరిగిందని అర్థం. సీరియల్ నంబరుతో రసీదు రాయించుకోండి. వానాకాలంలో బీరువాలో తోలు సంచిలో దాచవద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, పొట్లాల రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడండి.

ఆ అబ్బాయి మరుసటి ఆదివారం లెక్క తెచ్చాడు. 640 ఫోటోలలో 18 దగ్గర తీసినవి 231. తండ్రి కాగితాన్ని రెండుసార్లు చూసి, "ముందు రెండు వారాలు అద్దెకు తీసుకోనీ అన్నా, అంగడి ఫోటో వాడే తీయనీ, చూద్దాం" అన్నారు. గాజుల అర 14 అడుగులూ పడిన ఫోటో ఇప్పుడు ఆ అంగడి విజిటింగ్ కార్డు మీద ఉంది. లెన్సు ఈ నెలలో కొంటున్నారు, పాతదే, టార్చి పట్టుకొని నేనూ వెంట వెళ్తున్నాను.