కాలువ గట్టున తెల్లరొమ్ము పక్షి

ప్రశ్న: మా ఇంటి వెనక పంటకాలువ దగ్గర కోడిలాంటి పక్షి తిరుగుతోంది. ముఖం, రొమ్ము తెల్లగా, వీపు నల్లగా ఉన్నాయి. వానపడ్డ రాత్రుళ్లు ఒకటే అరుపు. ఏమిటది?

జవాబు: ఈ గుర్తులన్నీ తెల్లరొమ్ము నీటికోడివే. అనుమానం తీరాలంటే తోక కింద చూడాలి. అక్కడ ఇటుకరంగు ఉంటుంది. నడుస్తూ తోకను పదేపదే ఎగరేస్తుంది కాబట్టి ఆ రంగు ఇట్టే కనబడుతుంది. పసుపుపచ్చని ముక్కు, దాని మొదట్లో ఎర్రమచ్చ, పొడవాటి కాలివేళ్లు. పొడవు సుమారు 30 సెంటీమీటర్లు.

దీన్ని మామూలు జమ్ముకోడిగా పొరబడేవాళ్లున్నారు. జమ్ముకోడికి నుదుటిమీద ఎర్రబిళ్ల ఉంటుంది, రొమ్ము తెల్లగా ఉండదు.

ఇక అరుపు సంగతి. వానాకాలం దీనికి గుడ్లు పెట్టే కాలం. అప్పుడు జంట పక్షులు 'క్వాక్ క్వాక్' మంటూ బిగ్గరగా, చాలాసేపు అరుస్తాయి, రాత్రిపూటా ఆపవు. మిగతా రోజుల్లో దాదాపు మౌనమే.

పురుగులు, నత్తలు, చిన్న చేపలు, గింజలు తింటుంది. మనుషుల దగ్గర పెద్దగా బెదరదు, మురుగుకాలువల పక్కనా బతుకుతుంది. గూడు మాత్రం నీటి పక్క పొదల్లోనే కడుతుంది. అందుకే వానలు తగ్గేదాకా గట్టుమీది పొదలు నరకకపోవడం చాలా అవసరం. నల్లటి నూగుతో పిల్లలు కనిపిస్తే పట్టుకోవద్దు. తల్లిదండ్రులు రెండూ దగ్గర్లోనే ఉంటాయి.